ఆపరేషన్ అయిపోయింది, పిల్లలు పెరుగుతున్నారు

(చిన్నతనంలో గడ్డలకు ఆపరేషన్ జరిగిన పిల్లల తల్లిదండ్రుల కోసం హైదరాబాద్‌లో ఒక పిల్లల హార్మోన్ వైద్యురాలు ఇచ్చిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం, మళ్లీ మళ్లీ వచ్చిన మాటలు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? సరే. ఫ్యాన్ కింద కూర్చోవాలనుకునేవాళ్లు ఇటు వచ్చేయండి. పిల్లల్ని తెచ్చుకున్నవాళ్లు మధ్యలో లేచి వెళ్లినా నేనేం అనుకోను.

నేను సర్జన్‌ని కాను, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. గడ్డ తీసేది వేరేవాళ్లు. తీసేశాక ఏళ్ల తరబడి మీ పిల్లల ఎత్తు కొలిచేది, బరువు చూసి మీతో వాదన పెట్టుకునేది నేను. థియేటర్ బయట నిలబడ్డ అమ్మానాన్నలందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే ఉంటుంది, "సార్, మొత్తం తీసేశారా?" అని. "మొత్తం వచ్చేసిందమ్మా" అనగానే అక్కడే కూలబడి ఏడ్చేవాళ్లని చూశాను. ఆ ప్రశ్న అడగొద్దని ఎవరూ చెప్పలేరు. దాని పక్కన ఇంకో ప్రశ్న కూడా పెట్టుకోమని అడగడానికే ఈరోజు వచ్చాను. తీసిన చోట ఇంకా ఏమేం ఉన్నాయి, మా బిడ్డ పెరిగేకొద్దీ ఆ చోటు వల్ల ఏం రావొచ్చు, అన్న ప్రశ్న.

ఎందుకంటే పెద్దవాళ్లకి ఆపరేషన్ చేస్తే, ఏదైనా నష్టం జరిగితే అది చాలావరకు అప్పుడే బయటపడుతుంది. యాభై ఏళ్ల మనిషి ఇక ఎత్తు పెరిగేదేం లేదు, వెన్నెముక సాగేదేం లేదు, కొత్తగా ఎక్కాలు నేర్చుకునేదీ లేదు. నాలుగేళ్ల పిల్లకి ఇవన్నీ ముందున్నాయి. డిశ్చార్జి రోజు బాగా కనిపించిన పిల్ల ఆరో తరగతికి వచ్చేసరికి చదువులో వెనకబడొచ్చు, పదకొండేళ్లకి నడుము ఒక పక్కకి వంగొచ్చు, పదిహేనేళ్లు వచ్చినా పెద్దమనిషి కాకపోవచ్చు. అప్పటికి ఇంట్లో అందరూ ఆపరేషన్ సంగతి పక్కన పెట్టేసి ఉంటారు, ఈ రెండింటికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు, కొత్తగా చూసే డాక్టర్‌కి అసలు తెలియనే తెలియదు.

ఒక లెక్క చెప్తాను, వినగానే కంగారుపడకండి. అమెరికాలో 1970 నుంచి 1986 మధ్య క్యాన్సర్ వచ్చి బతికి బయటపడ్డ పిల్లల్ని వేల సంఖ్యలో ఏళ్ల తరబడి గమనించారు. 2006లో ఫలితాలు అచ్చు వేశారు. జబ్బు బయటపడ్డ ముప్పై ఏళ్లకి వాళ్లలో 73 శాతం మందికి ఏదో ఒక దీర్ఘకాలిక సమస్య ఉంది, 42 శాతం మందికి అది తీవ్రమైనదే. అయితే అది అప్పటి వైద్యం. అప్పట్లో రేడియేషన్ చాలా ఎక్కువ ఇచ్చేవాళ్లు. పైగా అందులో ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ కలిసి ఉన్నాయి. ఈరోజు ఆపరేషన్ జరిగిన మీ బిడ్డకి ఆ శాతాలు అంటగట్టడానికి లేదు. నేను చెప్పేదల్లా ఈ పిల్లల్ని వదిలేయకూడదని. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రిలో వైద్యం పూర్తయిన పిల్లల కోసమే విడిగా ఒక క్లినిక్‌ని 1991లోనే మొదలుపెట్టారు, అంటే మన దేశానికి ఇది కొత్త ఆలోచన ఏమీ కాదు.

సరే, తలతో మొదలుపెడదాం. ఈ హాల్లో సగం మంది తల గురించే వచ్చారని నాకు తెలుసు.

పిల్లల్లో మెదడు గడ్డలు చాలావరకు వెనక భాగంలో, చిన్న మెదడు దగ్గర వస్తాయి. మెడుల్లోబ్లాస్టోమా అని, పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా అని మీ రిపోర్టుల్లో ఉంటాయి. అక్కడ ఆపరేషన్ అయ్యాక కొందరు పిల్లలు కళ్లు తెరుస్తారు, అమ్మానాన్నల్ని గుర్తుపడతారు, ఒకటి రెండు మాటలు కూడా మాట్లాడతారు, ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో మాట మొత్తం ఆగిపోతుంది. మింగలేరు, ఒళ్లు వదులైపోతుంది, ఊరుకోబెట్టలేనంతగా ఏడుస్తారు. మెడుల్లోబ్లాస్టోమా ఆపరేషన్ అయిన పిల్లల్లో దాదాపు నలుగురిలో ఒకరికి ఇలా జరుగుతుంది. ముందే చెప్పి ఉంచకపోతే ఆ తల్లిదండ్రుల పరిస్థితి ఊహించండి. ఎవరో దిష్టి తగిలిందంటారు, ఎవరో డాక్టర్లు పాడు చేశారంటారు. మాట తిరిగి వస్తుంది, కొన్ని వారాలకో కొన్ని నెలలకో. కానీ చాలామందిలో అది మునుపటి మాట కాదు. నిదానంగా, ముద్దముద్దగా వస్తుంది. నడకలో తూలు ఉంటుంది, పెన్సిల్ పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ మాట వచ్చేదాకా ఆగి మొదలుపెట్టేవి కావు, ఆసుపత్రి మంచం మీదే మొదలవ్వాలి. "కాస్త కోలుకోనివ్వండి మేడమ్, తర్వాత చూద్దాం" అనే మాట నేను ఒప్పుకోను.

రెండోది షంట్. తలలో నీరు చేరితే మెదడులోంచి పొట్టలోకి ఒక సన్నని గొట్టం వేస్తారు కదా. గడ్డ పూర్తిగా పోయినా ఆ గొట్టం చాలామందికి ఉండిపోతుంది. పిల్లల్లో వేసిన షంట్లలో మూడో వంతు పైగా మొదటి ఒకటి రెండేళ్లలోనే ఏదో ఒక కారణంతో మొరాయిస్తాయి. ఆ తర్వాత కూడా ఎప్పుడైనా మొరాయించొచ్చు, పదేళ్ల తర్వాతైనా సరే. పిల్లవాడు ఎత్తు పెరిగితే గొట్టం పొట్టి అయిపోవచ్చు. పొద్దున లేవగానే తలనొప్పి, వాంతులు, పగలు కూడా మత్తుగా పడుకోవడం, ఈ మూడూ కలిస్తే అది గ్యాస్ అని ఊరి ఆర్‌ఎంపీ దగ్గర వాంతుల ఇంజెక్షన్ వేయించుకుని రాత్రికి చూద్దామనుకోకండి. న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికి బయలుదేరండి, దారిలో ఫోన్ చేయండి. ఇంకొకటి, బయటి నుంచి అయస్కాంతంతో మార్చే రకం వాల్వ్ ఉంటే ఎం.ఆర్.ఐ. తీయించిన ప్రతిసారీ దాని సెట్టింగ్ మారిందేమో చూపించుకోవాలి. మీకు ఏ కంపెనీ షంట్ వేశారో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. (ముగ్గురు చేతులెత్తారు.) అదీ సంగతి. కాగితాల గురించి తర్వాత మాట్లాడతాను, అప్పుడు నన్ను తిట్టుకోకండి.

ఇప్పుడు నా సొంత ఇలాకాకి వస్తాను, పిట్యూటరీ గ్రంథి. మెదడు అడుగున శనగ గింజంత ఉంటుంది, దాని పైనే హైపోథాలమస్ ఉంటుంది. పిల్లల్లో అక్కడ వచ్చే గడ్డల్లో నేను ఎక్కువగా చూసేది క్రేనియోఫారింజియోమా. అది క్యాన్సర్ కాదు, వేరే చోటికి పాకదు. కానీ అది కూర్చునే చోటే అసలు కష్టం. ఎత్తు పెరగడం, పెద్దమనిషి కావడం, థైరాయిడ్, ఒంట్లో నీరు నిలవడం, ఆకలి, నిద్ర, జ్వరం వస్తే తట్టుకునే శక్తి, అన్నీ అక్కడి నుంచే నడుస్తాయి, పక్కనే కంటి నరాలు. అందుకే ఆ గడ్డ తీసిన పిల్లల్లో చాలామందికి జీవితాంతం హార్మోన్ మాత్రలు కావాలి.

వాటిలో ప్రాణం మీదికి తెచ్చేది హైడ్రోకార్టిసోన్ ఆపడం. "స్టెరాయిడ్ అట, ఒళ్లు పాడవుతుందట" అని పక్కింటివాళ్లు చెప్పారని ఆపేసినవాళ్లు నాకు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. ఒళ్లు తయారు చేసుకోవాల్సిన దాన్ని తయారు చేసుకోలేకపోతోంది కాబట్టి అంతే మోతాదులో బయటి నుంచి ఇస్తున్నాం, అంతకు మించి ఏమీ లేదు. మామూలు రోజుల్లో మామూలు మోతాదు. జ్వరం వస్తే రెండింతలో మూడింతలో, ఎంతో మీ డాక్టర్ కాగితం మీద రాసి ఇవ్వాలి, మీరు అడిగి రాయించుకోవాలి. వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజెక్షనే, అది ఇంట్లో ఫ్రిజ్ పక్కనో బీరువాలోనో ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి, అమ్మకి ఒక్కదానికే తెలిస్తే చాలదు. చెయ్యి విరిగినా, పన్ను పీకించుకున్నా, చిన్న ఆపరేషన్‌కి మత్తు ఇచ్చినా ఇదే లెక్క. పిల్ల మగతగా ఉంది, ఒళ్లు చల్లబడింది అంటే అక్కడున్న డాక్టర్ ఎవరైనా సరే, మొదట ఆ ఇంజెక్షన్ వేయమని గట్టిగా చెప్పండి. మొహమాటపడకండి. థైరాయిడ్ మాత్ర కూడా కొత్తగా మొదలుపెడుతుంటే ఈ హైడ్రోకార్టిసోన్ అవసరమా కాదా అని ముందు తేల్చుకోవాలి, వరస తారుమారైతే ప్రమాదం.

నీళ్ల సంగతి. ఆపరేషన్ తర్వాత కొందరు పిల్లలు బక్కెట్లు బక్కెట్లు తాగుతారు, అంతే పోస్తారు. డయాబెటిస్ ఇన్సిపిడస్. రక్తంలో చక్కెరకీ దీనికీ సంబంధం లేదు, అన్నం మాన్పించకండి, పండక్కి చేసిన అరిసె లాక్కోకండి. దీనికి డెస్మోప్రెసిన్ మాత్ర గానీ ముక్కులో కొట్టే స్ప్రే గానీ ఉంటుంది. మన ఎండాకాలం సంగతి తెలుసు కదా, మే నెలలో నీళ్ల సీసా లేకుండా ఆ పిల్లని బయటికి పంపకూడదు, క్లాసులో బాత్రూంకి వెళ్తానంటే టీచర్ ఆపకూడదు. అయితే దీనికి అటు వైపు కూడా ఉంది. మందు వేసుకున్నాక "ఎండగా ఉంది, ఇంకా తాగు, ఇంకా తాగు" అని దాహం లేకపోయినా పట్టించితే ఒంట్లో సోడియం పడిపోయి ఫిట్స్ రావొచ్చు. దాహం తెలిసే పిల్లలు దాహం వేసినప్పుడు తాగితే చాలు. దాహమే తెలియని పిల్లలు కొందరుంటారు, వాళ్లకి రోజుకి ఎన్ని నీళ్లు అని కొలత రాసిస్తాం, రోజూ బరువు చూడమంటాం.

ఇక బరువు. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే తల్లులు అందరికంటే ఎక్కువ మాటలు పడేది దీనికే. హైపోథాలమస్ దెబ్బతిన్న పిల్లల్లో దాదాపు సగం మంది ఆపరేషన్ అయిన కొన్ని నెలల్లోనే విపరీతంగా బరువు పెరుగుతారు. కడుపు నిండిందని చెప్పే కబురు మెదడుకి అందదు, దానికి తోడు ఒళ్లు ఖర్చు పెట్టే శక్తి కూడా తగ్గిపోతుంది. కాబట్టి తోటి పిల్లలు తిన్నంతే తిన్నా వీళ్లు లావవుతారు. పెళ్లికి వెళ్తే చుట్టాలందరూ "ఏం పెడుతున్నవమ్మా, ఇట్లయింది పిల్ల" అంటారు. రాత్రి వంటింట్లో డబ్బా తెరిచి తింటున్నాడని పిల్లవాణ్ని కొట్టిన తండ్రులు ఉన్నారు. ఆ పిల్లవాడి చేతిలో లేదండి అది. వంటింటికి తాళం వేయడం కొన్ని ఇళ్లలో అవసరమే అవుతుంది, నేను కాదనను, కానీ అది శిక్ష అన్నట్టు కాకుండా ఇంట్లో అందరికీ ఒకటే పద్ధతిలా ఉండాలి. బిర్యానీ ప్యాకెట్ తెచ్చి పెద్దవాళ్లు హాల్లో తింటూ పిల్లకి దోసకాయ ముక్కలు ఇస్తే ఏ పిల్ల వింటుంది చెప్పండి. (నవ్వులు)

ఇందుకే మొదట అడిగిన ప్రశ్నకి ఒకసారి వెనక్కి వెళ్తాను. "మొత్తం తీసేశారా?" క్రేనియోఫారింజియోమా హైపోథాలమస్‌ని అంటుకుని ఉంటే ఇప్పుడు చాలామంది సర్జన్లు కావాలనే కొంత వదిలేసి, తర్వాత రేడియేషన్ ఇప్పిస్తారు. గడ్డ అదుపులో ఉండే అవకాశం మొత్తం తీసినదానికి దాదాపు సమానంగానే ఉంటుంది, ఆకలీ జ్ఞాపకశక్తీ మాత్రం కొంత దక్కుతాయి. ఇది తెలియక, "సగం వదిలేశారు, చేతకాక" అని ఇంకో ఆసుపత్రికి పరిగెత్తి మొత్తం తీయించుకు వచ్చిన కుటుంబాలున్నాయి. ఎంత తీశారు అన్నది ఎక్కడ ఆపారు, ఎందుకు ఆపారు అన్నదానితో కలిపి అడగాలి.

కంటి చూపు సంగతి రెండు మాటలు. ఈ పిల్లల్లో ఎదురుగా కనిపిస్తుంది, పక్కల కనిపించకపోవచ్చు. బోర్డు మీద అక్షరాలు చదివేస్తారు కాబట్టి స్కూల్లో ఎవరికీ అనుమానం రాదు. తలుపు అంచుకి భుజం తగులుతుంటే, పక్క నుంచి వచ్చే బండి చూసుకోకపోతే ఫీల్డ్ టెస్ట్, అంటే పక్క చూపు పరీక్ష, చేయించండి. మెహదీపట్నంలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో రోడ్డు దాటడం రెండు పక్కలా చూపున్న మనకే కష్టం.

ఎత్తు. నాలుగైదేళ్ల నుంచి ఎదిగే వయసు దాకా పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరగాలి. నాలుగుకి తక్కువైతే నా దగ్గరికి రండి. గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి, ఆరు నెలలకోసారి, అంతకంటే ఖర్చు లేని పరీక్ష ఇంకొకటి లేదు. గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తే గడ్డ మళ్లీ వస్తుందేమో అని అందరూ భయపడతారు. ఇప్పటిదాకా జరిగిన అధ్యయనాల్లో అలా తిరగబెట్టడం పెరిగినట్టు కనిపించలేదు. అయినా గడ్డ నిలకడగా ఉందని తేలాకే, మామూలుగా ఏడాది చూసి, మొదలుపెడతాం. ఖరీదైన మందు, దాపరికం ఏమీ లేదు. ఇంకోటి, ఆడపిల్ల ఎనిమిదేళ్లలోపు, మగపిల్లవాడు తొమ్మిదేళ్లలోపు యుక్తవయసు గుర్తులు కనిపిస్తే "బాగా పెరుగుతోంది" అని మురిసిపోకండి, అది కూడా ఈ గడ్డల వల్ల వచ్చే సమస్యే.

ఇప్పుడు చదువు. ఆపరేషన్ అయిన ఏడాదిలో పిల్లవాడు బాగానే చదువుతున్నాడు, నాలుగో ఏడాదికి మార్కులు పడిపోయాయి, ట్యూషన్ మార్చాం, స్కూల్ మార్చాం, అయినా అంతే అంటారు. ఏం జరుగుతోందంటే, జూబ్లీ బస్ స్టేషన్ నుంచి కరీంనగర్‌కి ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు ఒకేసారి బయలుదేరాయనుకోండి. అల్వాల్ దాటేసరికి రెండూ కాస్త వెనకా ముందూ ఉంటాయి, సిద్దిపేట చేరేసరికి మధ్య చాలా దూరం వచ్చేస్తుంది. పల్లెవెలుగు వెనక్కి ఏమీ పోలేదు కదా, అది కూడా ముందుకే వెళ్తోంది. ఈ పిల్లలు నేర్చుకున్నది మర్చిపోవడం చాలా అరుదు. కొత్తది నేర్చుకునే వేగం తక్కువ, కాబట్టి తరగతులు పెరిగేకొద్దీ తేడా పెరుగుతూ పోతుంది. చిన్న వయసులో తలకి రేడియేషన్ తీసుకున్నవాళ్లలో ఇది ఎక్కువ. కానీ కేవలం ఆపరేషన్‌తో బయటపడ్డ పిల్లల్లో కూడా, అదే పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా లాంటి వాటిలో, ధ్యాస నిలవకపోవడం, తొందరగా అలిసిపోవడం, కోపం పట్టలేకపోవడం కనిపిస్తాయి. వాళ్లకి కీమో లేదు, రేడియేషన్ లేదు, జుట్టు కూడా ఊడలేదు, అదృష్టవంతులు అని అందరం అంటాం. అందుకే వాళ్లని ఎవరూ వెనక్కి పిలిచి చూడరు.

ఏం చేయాలి? తెలివి, జ్ఞాపకశక్తి, ధ్యాస పరీక్షలు ఒకసారి చేయించి ఆగిపోకూడదు, రెండు మూడేళ్లకోసారి చేయించాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984 నుంచి పనిచేస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ, అక్కడ ఇలాంటి అంచనాలు చేస్తారు. టీచర్‌కి రాతపూర్వకంగా చెప్పండి, ముందు బెంచీ, సగం హోంవర్కు, నోట్సు ఫోటో తీసుకోనివ్వడం, ఇవి డబ్బు పని కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద 21 రకాల వైకల్యాలు గుర్తించారు. 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ అనే గుర్తింపు కార్డు, పరీక్షల్లో స్క్రైబ్, అంటే పిల్ల చెప్తుంటే రాసిపెట్టే మనిషి, గంటకి కనీసం 20 నిమిషాల అదనపు సమయం వరకు వీలుంటుంది. పదో తరగతి ఫిబ్రవరిలో పరిగెత్తుకుంటూ వస్తే ఎవరూ ఏమీ చేయలేరు, తొమ్మిదిలో ఉండగానే కదలండి. "సర్టిఫికెట్ తీసుకుంటే ముద్ర పడిపోతుంది, రేపు పెళ్లి సంబంధాలకి అడ్డం వస్తుంది" అంటారు. మీ భయం నాకు అర్థమవుతుంది, కానీ ఫెయిలైన మార్కుల మెమో కూడా ముద్రే.

తల నుంచి కిందికి దిగుదాం, కొంచెం వేగంగా వెళ్తాను.

కిడ్నీ. విల్మ్స్ ట్యూమర్ అంటే పిల్లల కిడ్నీలో వచ్చే క్యాన్సర్ గడ్డ, దానికి సాధారణంగా ఒక కిడ్నీ మొత్తం తీసేస్తారు. మిగిలిన కిడ్నీ తనే పెరిగి రెండింటి పని చేస్తుంది, చాలామందికి జీవితాంతం ఏ ఇబ్బందీ ఉండదు. ఏడాదికోసారి బీపీ, మూత్రంలో ప్రోటీన్, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూస్తే చాలు. పిల్లలకి బీపీ ఏంటి అని క్లినిక్‌లో చిన్న కఫ్ లేదంటారు, ఉన్నచోట చూపించండి. ఒంటి నొప్పులకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి డాక్టర్‌ని అడగకుండా వాడొద్దు, పారాసెటమాల్ వాడుకోవచ్చు. పొట్ట కోసిన ఏ ఆపరేషన్ తర్వాతైనా లోపల పేగులు అతుక్కుని మెలిపడే ప్రమాదం ఏళ్ల తర్వాత కూడా ఉంటుంది. పొట్ట ఉబ్బి, ఆకుపచ్చ వాంతి అయితే అజీర్తి అని వాము నీళ్లు తాగిస్తూ కూర్చోవద్దు, ఆ రోజే సర్జన్‌కి చూపించాలి. తిల్లి, అంటే ప్లీహం, తీసేసిన పిల్లలకి న్యుమోకాకల్, మెనింగోకాకల్ టీకాలు వేయించారా లేదా చూసుకోండి, వాళ్లలో జ్వరం ఎప్పుడూ అత్యవసరమే.

పుట్టుకతో తోకఎముక దగ్గర గడ్డ ఉండి తీయించుకున్న పిల్లలు ఉంటారు. ఐదేళ్లొచ్చినా చడ్డీ తడుపుతున్నాడని, విరేచనం పట్టలేకపోతున్నాడని లేదా వారం రోజులు రాదని తల్లులు సిగ్గుపడి చెప్పరు. ఆ నరాలు అక్కడే ఉంటాయి. అది అలవాటు లోపం అనుకుని తిట్టకండి, దానికి చికిత్స ఉంది, బడికి వెళ్లే వయసుకి ముందే మొదలుపెట్టాలి.

ఎముకలు. ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ ఎక్కువగా మోకాలి దగ్గర వస్తుంది. తొడ ఎముక కింది చివర ఏడాదికి దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, కాలు పొడుగవడంలో పెద్ద వాటా దానిదే. తొమ్మిదేళ్ల పిల్లకి ఆ ముక్క తీసేసి ఇంప్లాంట్ పెడితే, రెండో కాలు పెరుగుతూ పోతుంది, ఇది ఆగిపోతుంది. అందుకే సాగే ఇంప్లాంట్లు వచ్చాయి, కొన్నింటిని కోయకుండా బయటి నుంచి అయస్కాంతంతో సాగదీస్తారు. అవి అందరికీ అందే ధరలో లేవు. చెప్పు ఎత్తు పెంచడం, రెండో కాలి ఎదుగుదలని సరైన సమయంలో ఆపడం లాంటివి కూడా ఉన్నాయి, వయసు దాటకముందే ఆర్థో డాక్టర్‌తో మాట్లాడాలి. కాలు తీసేయాల్సి వచ్చిన పిల్లల్లో మిగిలిన ఎముక చివర పెరిగి చర్మాన్ని పొడుస్తుంది, మళ్లీ చిన్న ఆపరేషన్ కావొచ్చు. కృత్రిమ కాలు చెప్పుల్లాగే చిన్నదైపోతూ ఉంటుంది, ఒకసారి వేయించాం కదా అనుకోవద్దు. వెన్నెముక తెరిచి గడ్డ తీసినవాళ్లని, ఛాతీ పక్కన కోసినవాళ్లని పది నుంచి పదిహేనేళ్ల మధ్య చొక్కా విప్పించి ముందుకి వంగమని చూడండి. వీపు ఒక పక్క ఎత్తుగా ఉంటే ఎక్స్‌రే.

కన్ను. రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్‌కి కన్ను తీసేస్తే లోపల ఒక గుండు పెట్టి పైన కృత్రిమ కన్ను అమరుస్తారు. బంజారాహిల్స్‌లోని ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకి ఈ జబ్బుతో ఎక్కడెక్కడి నుంచో పిల్లలు వస్తారు. ముఖం పెరిగేకొద్దీ ఆ కన్ను మార్చాలి, మధ్యమధ్య పాలిష్ చేయించాలి. మిగిలిన కంటికి పవర్ లేకపోయినా గట్టి పాలీకార్బొనేట్ కళ్లజోడు పెట్టండి, సంక్రాంతికి పతంగుల దగ్గర, దీపావళికి టపాసుల దగ్గర మరీనూ. దాదాపు 40 శాతం మందిలో ఇది పుట్టుకతో వచ్చే జన్యు లోపం, రెండు కళ్లకీ వచ్చిందంటే తప్పకుండా అదే. అలాంటప్పుడు తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ కూడా చూపించాలి. ఆ పిల్లకి పెద్దయ్యాక ఎముకల్లో ఇంకో క్యాన్సర్ వచ్చే అవకాశం మామూలుకంటే ఎక్కువ కాబట్టి, ఎముక నొప్పి తగ్గకుండా ఉంటే ఆటలో దెబ్బ అని వదిలేయకూడదు.

కాగితాల గురించి తర్వాత మాట్లాడతానన్నాను. మీలో చాలామంది ఆపరేషన్ 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ మీదే జరిగి ఉంటుంది, 2023 డిసెంబర్ నుంచి మన రాష్ట్రంలో దాని పరిమితి పది లక్షలైంది. ఏళ్ల తరబడి కొనే హార్మోన్ మాత్రల ఖర్చు మాత్రం చాలామందికి ఇంటి మీదే పడుతోంది, ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడగండి, అడగనిదే ఎవరూ చెప్పరు. కాగితాలంటే నా ఉద్దేశం ఇది: ఆపరేషన్ నోట్, అంటే సర్జన్ ఏం తీశాడో ఏం వదిలేశాడో రాసింది, బయాప్సీ రిపోర్టు, షంట్ గానీ ఇంప్లాంట్ గానీ ఉంటే దాని స్టిక్కర్, కీమో మందుల మొత్తం, రేడియేషన్ ఎంత ఎక్కడ. డిశ్చార్జి సమ్మరీలో ఇవన్నీ ఉండవు, అడిగి తీసుకోవాలి. రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ నుంచి ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి, అక్కడి నుంచి పంజాగుట్ట నిమ్స్‌కి తిరిగిన ఫైలు వాన నీళ్లలో తడిసి ప్లాస్టిక్ కవర్లో అట్టముక్కలా వస్తుంది నా దగ్గరికి. ఫోటోలు తీసి మీకు మీరే వాట్సాప్ చేసుకోండి, చాలు. ఆసుపత్రులు ఏళ్లకేళ్లు పాత రికార్డులు దాచి ఉంచుతాయనే నమ్మకం పెట్టుకోవద్దు.

ప్రశ్నలు తీసుకుంటాను.

(ఒక తండ్రి: "మేడమ్, మా వాడికి ఒకటే కిడ్నీ. కబడ్డీ ఆడతానని పట్టుబడుతున్నాడు.")

ఆడనివ్వండన్నా. ఆటల్లో కిడ్నీకి దెబ్బ తగలడం చాలా అరుదు, సైకిల్ మీంచి పడి తగిలిన సందర్భాలే ఎక్కువ. మిగిలిన కిడ్నీ దాని చోటులోనే ఉందా, ఆరోగ్యంగా ఉందా అన్నది మీ సర్జన్‌ని ఒకసారి అడిగి పంపండి. దెబ్బ తగిలాక మూత్రం ఎర్రగా వస్తే ఇంట్లో దాచకుండా చెప్పాలని వాడికి చెప్పండి. మ్యాచ్‌కి తీసుకెళ్లరేమోనని వాడు దాస్తాడు, అదే నా భయం.

(ఒక తల్లి: "అమ్మాయికి రేపు పెళ్లి, పిల్లలు...")

ఏ గడ్డో చూసి చెప్పాలమ్మా. ఒక అండాశయం తీసేసినా రెండోది సరిపోతుంది. పిట్యూటరీ పనిచేయకపోతే పెద్దమనిషి కావడానికి హార్మోన్ మేమిస్తాం, తర్వాత పిల్లల కోసం వేరే ఇంజెక్షన్లు ఉంటాయి, కష్టమే గానీ అసాధ్యం కాదు. దాచిపెట్టి పెళ్లి చేయడం మాత్రం వద్దు, హైడ్రోకార్టిసోన్ వాడే పిల్లకి అత్తగారింట్లో ఆ సంగతి తెలియకపోవడం ప్రమాదం.

(వెనక వరసలోంచి ఒక అమ్మాయి: "నాకు టెన్త్ అయిపోయింది మేడమ్. క్రేనియో ఆపరేషన్ అయింది. ఇంటర్‌కి హాస్టల్‌లో చేరతానంటే అమ్మ వద్దంటోంది.")

నువ్వే అడిగావు, బాగుంది. చేరొచ్చు, అయితే అమ్మ కాదు, నువ్వు చేయాల్సిన పనులున్నాయి. పొద్దున మాత్ర స్టడీ అవర్‌కి లేవగానే వేసుకోవాలి, అక్కడ ఐదింటికే లేపుతారు కదా, టిఫిన్ టైం దాకా ఆగొద్దు. జ్వరం వస్తే మోతాదు ఎంత పెంచాలో నీకు నోటికి రావాలి, ఇప్పుడే అడిగితే చెప్పగలవా? (అమ్మాయి చెప్పింది.) కరెక్ట్. ఇంజెక్షన్ ఒకటి నీ దగ్గర, ఒకటి వార్డెన్ దగ్గర. స్టడీ అవర్‌లో నీళ్ల సీసా, బాత్రూంకి అనుమతి, రెండూ ఉత్తరంలో రాస్తాను. రూమ్‌మేట్స్‌లో కనీసం ఒకరికి చెప్పుకో, ఎవరికి చెప్పాలో నీ ఇష్టం. అమ్మా, మీరు ఫీజు కట్టేముందే వార్డెన్‌ని కలవండి, క్లాసులు మొదలైన వారం రద్దీలో ఎవరూ వినరు. వచ్చే చెకప్‌కి ఉత్తరం రెడీగా ఉంటుంది, ఏ కాలేజీయో పేరు చెప్పి వెళ్లండి.